మంచు పారలు, మంచి చెయ్యి

ఈమధ్య ఒక కాలేజీవాళ్ళు పిలిస్తే వెళ్ళి మాట్లాడాను. చివర్లో ఒకమ్మాయి లేచి, "సార్, మీ కాలంలో కూడా ఈ అఫిలియేట్ లింకులు ఉండేవా?" అని అడిగింది. ఉండేవమ్మా అన్నాను. కరెంటు కూడా ఉండేది, రోజుకి కొన్ని గంటలు. అందరూ నవ్వారు. నవ్వించడం నాకు చిన్నప్పటి నుంచీ వచ్చిన విద్య. దానివల్ల ఏమయిందో ఈ వ్యాసం చివరికి మీకే తెలుస్తుంది.

కమీషన్ దొంగల నుంచి లింకుల్ని ఎలా కాపాడుకోవాలి, లింకు చచ్చిపోతే ఎలా కనిపెట్టాలి అని ఆ రోజు గంటసేపు చెప్పాను. చప్పట్లు కొట్టారు, శాలువా కప్పారు. ఇంటికొచ్చి శాలువా మడతపెడుతుంటే, అసలు చెప్పాల్సింది చెప్పలేదని తోచింది. చెప్పింది పుస్తకాల్లో ఉంటుంది. చెప్పనిది నా ఒక్కడి దగ్గరే ఉంది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

రెండువేల ఆరు ప్రాంతంలో సంగతి ఇది. అప్పటిదాకా నేను చిలకలూరిపేటలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపాను. టైపు మిషన్లకి కాలం చెల్లాక కంప్యూటర్లు నేర్చుకుని, నేర్చుకున్నదానికి రెండింతలు తెలిసినట్టు కనబడటం కూడా నేర్చుకున్నాను. ఊరంతా నన్ను మాస్టారనేవారు. ఆ పిలుపు మనిషిని ఎంత పాడుచేస్తుందో పిలిపించుకున్నవాడికి తెలియదు.

మా యజమాని గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టున్న పెద్దమనిషి. ఆయన బంధువెవరో ఇంటర్నెట్‌లో కూడా కమీషన్ వ్యాపారం ఉందని చెప్పాడట. ఆ రాత్రి ఆయనకి నిద్ర పట్టలేదు. మర్నాడు నన్ను పిలిపించారు.

"సరుకు మనది కాదంట. గోడౌను మనది కాదంట. రేటు పడిపోతే ఏడుపు కూడా మనది కాదంట. ఇంతకన్నా ధర్మమైన యాపారం ఏముందండీ మాస్టారూ?" అన్నారు.

విషయం తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. విదేశంలో ఒక కంపెనీ వస్తువులు అమ్ముతుంది. మన వెబ్‌సైటులో ఆ వస్తువు గురించి నాలుగు మంచి మాటలు రాసి కింద లింకు పెడతాం. ఆ లింకులో మన నంబరు ఉంటుంది. చదివినవాడు దాన్ని నొక్కి, ఆ కంపెనీకి వెళ్ళి కొంటే, మన నంబరు చూసి వాళ్ళు మనకి కమీషన్ ఇస్తారు. వస్తువుని మనం చూడనవసరం లేదు. మేము చూడలేదు కూడా.

మేము అమ్మించింది మంచు ఎత్తే పారలు. కుక్కలకి తొడిగే వానకోట్లు కూడా ఉండేవిగానీ, ఆఫీసు నడిచింది మాత్రం పారల మీదే. చిలకలూరిపేటలోనే ఒక విత్తనాల కొట్టు పైన రేకుల షెడ్డు మా ఆఫీసు. మే నెలలో, కరెంటు పోయి, చొక్కా ఒంటికి అతుక్కుపోయి, విసనకర్రతో ఒక చేత్తో విసురుకుంటూ రెండో చేత్తో 'చేతి తొడుగులు వేసుకున్నా ఈ పార పిడి జారదు' అని రాసేవాళ్ళం. రాసేది ఒక రిటైరైన ఇంగ్లీషు లెక్చరర్ గారు. ఆయన జీవితంలో చూసిన మంచు అంతా సోడా కొట్టులో ఊకలో పెట్టి అమ్మే దిమ్మే. అయినా మంచు కురిసిన వాకిట్లో తెల్లవారడం గురించి రెండు పేజీలు రాసి, చివరి వాక్యంలో పార సంగతి ఎత్తేవారు. జనం కొన్నారు మరి. ఎందుకు కొన్నారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఆఫీసులో నాలుగో మనిషి గురించి కాస్త నిదానంగా చెప్పాలి. ఈ కథ ఆమెది.

ముప్పై దాటిన మనిషి. వాళ్ళది దూది ఏకి పరుపులు కుట్టే కుటుంబం. ముస్లింలే అయినా ఇంట్లో మాట్లాడేది తెలుగే, మా తెలుగుకన్నా శుభ్రమైన తెలుగు. అంతకు ముందు ఒక ప్రెస్సులో శుభలేఖలూ, కారం ప్యాకెట్ల మీద బొమ్మలూ కంప్యూటర్లో చేసేది. మా దగ్గర పారల బొమ్మలు సరిచెయ్యడం, పేజీలు పెట్టడం ఆమె పని. తాళంచెవి ఆమె దగ్గరే ఉండేది. తొమ్మిదింటికల్లా వచ్చి ఆఫీసు తెరిచేది. నేను పదింటికి వచ్చేవాణ్ణి. నా పది అంటే పదిన్నర.

పేటలో ఆమెకి మంచి చెయ్యి అని పేరు. పెళ్ళి పరుపు కుట్టించే రైతు కుటుంబాలు తండ్రితో పాటు ఈమెని కూడా రమ్మనేవారు. మొదటి కుట్టు ఈమె వెయ్యాలి, మిగతాది తండ్రి కుట్టుకోవచ్చు. పత్తి తీత మొదలుపెట్టే రోజున పొలానికి తీసుకెళ్ళి మొదటి దోసెడు ఈమె చేత తీయించినవాళ్ళూ ఉన్నారు. వెళ్ళేది, తన పని ఒక నిమిషంలో చేసేది, వాళ్ళు పెట్టిన జాకెట్టు ముక్క తీసుకుని వచ్చేసేది. పెళ్ళి చేసుకోలేదు, ఆస్తి లేదు. ఊళ్ళో పది ఇళ్ళలో శుభకార్యానికి ముందు తన పేరు తలుచుకుంటారన్నదే ఆమెకున్న గొప్ప.

"ఎవరింటికి పిలిచినా మా ఇంటికి పోయినట్టే ఉంటది మాస్టారూ," అంది ఒకసారి.

దానికి నేను, "అయితే కుట్టు మిషను కనిపెట్టినవాడి చెయ్యి ఇంకెంత మంచిదై ఉండాలి!" అన్నాను. లెక్చరర్ గారు నవ్వారు. ఆమె కూడా మర్యాదకి నవ్వి, కంప్యూటరు వైపు తిరిగింది.

మా యజమానికి ఇలాంటి నమ్మకాలు మెండు. ఆఫీసు తెరిచిన రోజున ప్రతి కంప్యూటరుకీ బొట్టు పెట్టి, ఇంటర్నెట్ మోడెం పక్కన నిమ్మకాయ పెట్టారు. నేను ఊరుకుంటానా? "వైరస్‌కి నిమ్మకాయ ఏం చాలుతుందండీ, గుమ్మడికాయ కట్టాలి" అన్నాను. అక్కడితో ఆపలేదు. కింద టీ కొట్టులో చెప్పాను, విత్తనాల కొట్టులో చెప్పాను, బస్సులో పక్కన కూర్చున్నవాడికి కూడా చెప్పాను. యజమాని ఎక్కడ కనబడినా జనం "ఏందండీ, నిమ్మకాయ ఎట్టా ఉంది?" అని అడిగేదాకా తెచ్చాను. ఆయన నవ్వేవారుగానీ చెవులు ఎర్రబడేవి. కొన్నాళ్ళకి అలాంటివేవీ నా కంటికి కనబడలేదు. మానేశారనుకున్నాను. నా ముందు మానేశారని అర్థం చేసుకునే తెలివి నాకు లేకపోయింది.

ఆ ఏడు వానాకాలంలో గొడవ మొదలైంది. మా పేజీలు చదివేవాళ్ళు పెరుగుతున్నారు, కమీషన్ తగ్గుతోంది. నేను వారం రోజులు ఇంగ్లీషులో చదివి రెండు రోగాలు కనిపెట్టాను. ఒకటి, కంపెనీవాళ్ళు తమ పేజీల చిరునామాలు మారుస్తున్నారు. మన లింకు నొక్కినవాడు ఖాళీ పేజీ చూసి వెళ్ళిపోతున్నాడు. రెండోది దొంగతనం. ఉచితంగా వస్తుందని జనం తమ కంప్యూటర్లలో ఏవో టూల్‌బార్లు పెట్టుకుంటారు. అవి మన లింకులోంచి మన నంబరు తీసేసి వాళ్ళ నంబరు పెడతాయి. రాసింది మా లెక్చరర్ గారు, కమీషన్ ఇంకెవడికో.

ఇది యజమానికి ఎలా చెప్పాలా అని చాలా ఆలోచించి, బొమ్మలు కూడా వేసుకుని వెళ్ళాను. ఆయన రెండో వాక్యంలోనే ఆపేశారు.

"బైపాసు దగ్గర దళారీగాడేగా!" అన్నారు. "మన కొట్టుకి రావాల్సిన రైతుని రోడ్డు మీదే ఆపి, మీ కొట్టాయన ఇయ్యాళ రాలేదని చెప్పి, ఇంకో కొట్టుకి తోలుకుపోతాడు. మిర్చి టిక్కీ బస్తాల మీద మన గుర్తు చెరిపి వాళ్ళ గుర్తేస్తాడు. దానికి మందు ఒకటే. రైతుని ఊళ్ళోనే మన బండి ఎక్కించాలి, మన గేట్లో దించాలి. మధ్యలో ఎవుడి కంటా పడకూడదు."

నేను వారం రోజులు చదివింది ఆయన నిమిషంలో చెప్పారు. అది ఒప్పుకోవడానికి మనసు రాక, "సాంకేతికంగా చూస్తే ఇది కొంచెం వేరండీ" అన్నాను. వేరేం కాదు. నేను కట్టింది ఆయన చెప్పిన గేటే. మా పేజీల్లో కంపెనీ లింకులు తీసేసి, మా సొంత సైటు చిరునామాలే పెట్టాను. వాటిని నొక్కితే ముందు మా సర్వరులో ఒక చిన్న ఫైలుకి వస్తారు, అక్కడి నుంచి కంపెనీకి వెళ్తారు. మా నంబరు బయటికి కనబడదు. కంపెనీ చిరునామా మారిస్తే ఆ ఒక్క ఫైల్లో సరిదిద్దితే సరిపోతుంది. ప్రతి సోమవారం లింకులన్నీ బతికున్నాయో లేదో చూసే ఏర్పాటు కూడా చేశాను. పైగా గేటు దగ్గర ఎవరు ఎప్పుడు వచ్చారో దానంతటదే రాసుకునే రిజిస్టరు ఒకటి పెట్టాను. చక్కటి పని. ఈ మాట సిగ్గుపడకుండా చెప్తున్నాను, ఎందుకంటే ఈ కథలో నేను చేసిన చక్కటి పని ఇదొక్కటే.

నవంబరు వెళ్ళింది. డిసెంబరు వెళ్ళింది. అక్కడ మంచు పడుతోంది, జనం నొక్కుతున్నారు, కంపెనీ పంపే నివేదికలో మాత్రం కమీషన్ లేవలేదు. నా గేటులో లోపం ఉండొచ్చని నాకు క్షణం కూడా అనిపించలేదు. లోపం లేదు, నిజమే. కానీ అనిపించకపోవడం వేరే సంగతి. బయట దొంగ లేడంటే లోపల ఉన్నాడని తేల్చుకుని, రిజిస్టరు తెరిచాను.

దొరికింది. రోజూ పొద్దున తొమ్మిది గంటల పది నిమిషాలకి మా ఆఫీసు నుంచే ఎవరో లింకులన్నిటినీ వరసగా, ఒక్కోటి ఒక్కోసారి నొక్కుతున్నారు. దసరా నుంచి ఒక్క పనిరోజు తప్పలేదు. ఆదివారాలు లేవు, సెలవు రోజులు లేవు, తక్కిన ప్రతి రోజూ ఉంది. ఆ వేళకి ఆఫీసులో ఉండేది ఒక్క మనిషే.

నా బుర్ర అప్పుడు ఎంత చురుగ్గా పనిచేసిందో చెప్తే ఆశ్చర్యపోతారు. ఈమె రోజూ నా లింకుల్ని పరీక్షిస్తోంది. గేటు దాటి కంపెనీ పేజీ దాకా వెళ్ళి అసలు చిరునామాలు తెలుసుకుంటోంది. వాటిని ఎవరికో అమ్ముతోంది. ఆ ఎవరో మా నంబరు మారుస్తున్నాడు. ఒకదానికొకటి ఎంత బాగా అతికాయంటే, ఇక ఆమెని అడగవలసిన అవసరమే కనబడలేదు. పక్క కుర్చీలో ఉన్న మనిషి. "అమ్మా, పొద్దున్నే ఇవెందుకు నొక్కుతున్నావు?" అని ఒక్క ముక్క అడిగితే పోయేది.

అడక్కుండా ఉత్తరం రాశాను. టైపు మాస్టారి ఇంగ్లీషు కదా, మార్జిన్లతో సహా రాశాను. మా సంస్థ నిజాయితీకి కట్టుబడినదనీ, మా లింకులని మా ఆఫీసులోనే ఒక ఉద్యోగి రోజూ నొక్కుతున్నట్టు నా నిఘాలో బయటపడిందనీ, ఆమె మీద చర్య తీసుకుంటున్నామనీ, దయచేసి పోయిన మా కమీషన్ విషయం విచారించగలరనీ ఆ విదేశీ కంపెనీకి మెయిల్ పంపాను. ఆమె పేరు కూడా పెట్టాను. పంపాక కింద టీ తాగాను. ఆ టీ చాలా బాగుందని గుర్తు.

మర్నాడు తొమ్మిదింటికి ముందే వెళ్ళి మెట్ల దగ్గర నిలబడ్డాను. జీవితంలో మొదటిసారి ఆఫీసుకి వేళకి వెళ్ళింది ఆ రోజే. ఆమె తాళంచెవి పట్టుకుని వచ్చింది. విత్తనాల కొట్టు ముందు లారీ నుంచి బస్తాలు దించుతున్నారు. టీ కొట్టులో పది మంది ఉన్నారు. జనం ఉన్నారని నాకు తెలుసు. ఆ సంగతి దాచను. జనం ఉన్నారనే గొంతు పెంచాను.

"రోజూ పొద్దున్నే వచ్చి ఏం చేస్తున్నావో నాకు తెలియదనుకున్నావా?"

ఆమె ఆగిపోయింది. "ఏంటి మాస్టారూ?"

"తొమ్మిదీ పదికి. రోజూ. లింకులన్నీ. రికార్డుంది నా దగ్గర."

ఆమె మొహంలో రంగు మారింది. అది నాకు నేరం ఒప్పుకున్నట్టే కనబడింది.

"నేను తప్పేం చెయ్యలా మాస్టారూ. అయ్యగారొచ్చాక అడగండి. నేను చెప్పకూడదు."

"చెప్పకూడదా! చూశారా అండీ!" అని టీ కొట్టు వైపు తిరిగాను. "కమీషన్ కాజేసే దొంగ కోసం మేము అమెరికా దాకా వెతుకుతున్నాం. దొంగ తాళంచెవి పట్టుకుని మన మెట్లే ఎక్కుతోంది!"

ఎవరో నవ్వారు. నా మాటలకి ఎప్పుడూ ఎవరో ఒకరు నవ్వేవారు. బస్తా మోస్తున్న మనిషి బస్తాతోనే నిలబడిపోయి ఆమెని చూశాడు. ఆమె తాళంచెవి నా చేతికి ఇవ్వకుండా మెట్టు మీద పెట్టి, వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

కొత్త మిర్చి దిగే రోజులు కావడంతో యజమాని గుంటూరు నుంచి మధ్యాహ్నానికి గానీ రాలేదు. రాగానే ఆమె కుర్చీ వైపు చూసి, "అమ్మాయేదీ?" అన్నారు. నేను మొత్తం చెప్పాను. రిజిస్టరు ముద్రించి పెట్టుకున్నాను, అది కూడా ఆయన ముందు పరిచాను. ఆయన దాన్ని చూడలేదు. కుర్చీలో కూర్చుని కండువాతో మొహం తుడుచుకున్నారు.

"బోణీ అండీ," అన్నారు మెల్లగా.

"ఏం బోణీ?"

"నేనే చెయ్యమన్నా. కొట్లో పొద్దున్నే మొదటి బేరం మంచి చేత్తో పడితే ఆ రోజంతా బాగుంటది గదా. మరి ఈ యాపారానికి బోణీ అంటే ఏంది, నొక్కటమేగా? అందుకని దసరానాడు చెప్పా. రోజూ రాగానే అన్నిటినీ ఒక్కోసారి నొక్కమ్మా, నీ చెయ్యి మంచిది, అన్నా."

"నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదండీ!"

ఆయన నా వైపు చూశారు. కోపం లేదు ఆ చూపులో. ఉంటే బాగుండేది.

"ఎట్టా చెప్పమంటారు మాస్టారూ? నిమ్మకాయకే ఏడాది నవ్వారు. ఆ అమ్మాయి అడిగింది, మాస్టారికి చెబుదామా అని. వద్దమ్మా, రేపటికి టీ కొట్టు దాకా పోయిద్ది అన్నా. ఒట్టేయించుకున్నా."

ఆమె ఒట్టు నిలబెట్టుకుంది. పది మంది ముందు దొంగ అనిపించుకుని కూడా నిలబెట్టుకుంది. నాకు తల కొట్టేసినట్టయింది. అప్పుడు కూడా, ఇప్పుడే పరిగెత్తి వాళ్ళింటికి వెళ్దామని కాదు, నిన్న పంపిన మెయిల్ వెనక్కి తెప్పించడం ఎలాగా అని ఆలోచించాను.

వెనక్కి రాలేదు. జవాబు మాత్రం మూడో రోజున వచ్చింది. మూడు వాక్యాలు. నిజాయితీగా తెలియజేసినందుకు కృతజ్ఞతలు. సొంత లింకులని సొంత మనుషులే నొక్కడం నిబంధనలకి విరుద్ధం కాబట్టి మీ ఖాతా మూసివేశాం. రావలసిన కమీషన్ రద్దయింది. ఆ రద్దయిన కమీషన్ వివరాలు కింద జతచేశారు. అవి చూస్తే అర్థమైంది. సరుకు వాపసు ఇచ్చే గడువు రెండు నెలలు దాటాకే అమ్మకం నివేదికలోకి ఎక్కుతుందట. నిబంధనల్లో పదకొండో పేజీలో ఉంది. నేను పదో పేజీ దాకా చదివాను. గేటు కట్టినప్పటి నుంచి ఒక్క పార కమీషన్ కూడా ఎవడూ కాజెయ్యలేదు. అంతా రావాల్సి ఉంది, నేను ఉత్తరం రాయకపోతే.

ఆ సాయంత్రం లింకులు నొక్కి చూశాను. అన్నీ ఒకే గేటు నుంచి పోయేట్టు కట్టాను కదా, అన్నీ ఒకే నిమిషంలో చచ్చాయి. 'ఈ లింకు చెల్లదు' అని తెల్లటి పేజీ. సోమవారం వచ్చే నివేదిక కూడా తప్పకుండా వచ్చింది. లింకులన్నీ తెగినట్టు తెలియజేసింది. నా ఏర్పాటులో లోపం లేదని చెప్పాను కదా.

యజమాని ఆమె ఇంటికి వెళ్ళారు. ఆఫీసు ఎలాగూ మూతపడేదే అయినా, మిర్చి కొట్లో పని ఇస్తానన్నారు. వచ్చి ఆమె చెప్పిన మాట నాకు చెప్పారు.

"పని వద్దంది. ఒకటే అడిగింది. మెట్ల దగ్గర అన్న మాట నిజం కాదని ఆ మెట్ల దగ్గరే మాస్టారి చేత చెప్పించండి, అంతే చాలు, అంది."

"చెప్తానండీ. అదెంత పని!" అన్నాను.

అదెంత పనో ఆ నెలంతా తెలిసింది. పొద్దున వెళ్తే జనం మరీ ఎక్కువున్నారనిపించేది. సాయంత్రం వెళ్తే ఆ రోజు ఉన్నవాళ్ళు లేరనిపించేది. నిమ్మకాయ గురించి నూట పాతికసార్లు చెప్పిన నోరు ఆ ఒక్క మాటకి పెగల్లేదు. తప్పు నాదంటే మాస్టారనే పిలుపు పోతుందని భయం. సిగ్గు లేకుండా ఒప్పుకుంటున్నాను, అంతకు మించిన కారణమేదీ లేదు. నెలాఖరుకి ఆఫీసు ఖాళీ చేశాం. నేను వేరే ఉద్యోగం చూసుకుని గుంటూరు వెళ్ళిపోయాను. ఆ వేసవి పెళ్ళిళ్ళలో ఆమెని మొదటి కుట్టుకి ఎవరూ పిలవలేదని తర్వాత యజమాని చెప్పారు. తండ్రిని పిలిచారట. "మీరొక్కరే రండి" అని మరీ చెప్పారట.

నాలుగేళ్ళు గడిచాయి. ఆమె మార్టూరులో గ్రానైటు పాలిష్ చేసే యూనిట్‌లో బిల్లులు చూస్తోందని తెలిసింది. రిటైరవుతున్న మనిషిని, బరువు దించుకోవాలనిపించింది. నా బరువు. ఆమెది కాదు. బస్సెక్కి వెళ్ళాను.

రాళ్ళు కోసే మిషన్ల హోరు. ఆమె షెడ్డు చివర బల్ల దగ్గర ఉంది, జుట్టు మీద తెల్లటి రాతిపొడి. నన్ను చూసి లేచి నిలబడింది. నేను ఇంట్లో తయారుచేసుకుని వెళ్ళిన మాటలు మొదలుపెట్టాను. వినబడలేదని చెయ్యి చెవి దగ్గర పెట్టింది. ఇంకా గట్టిగా చెప్పాను. ఇంకా గట్టిగా. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. మిషన్లన్నీ ఆగిపోయిన షెడ్డులో నా గొంతు ఒక్కటే మోగింది: "ఈవిడ దొంగ కాదు! పేటలో దొంగ అన్నది నేనే!"

ఇరవై మంది మా వైపు తిరిగారు. యూనిటు యజమాని గదిలోంచి తల బయట పెట్టాడు.

ఆమె ఎప్పటి మెల్లటి గొంతుతోనే అంది.

"మాస్టారూ, ఇక్కడెవరికీ ఆ సంగతి తెలవదు. ఇప్పుడు తెలిసింది."

యూనిటు యజమాని తల ఇంకా బయటే ఉంది.

"చెప్పమన్నది ఇక్కడ కాదు గదండీ. మెట్ల దగ్గర చెప్పమన్నా." కుర్చీలో కూర్చుని బిల్లుల పుస్తకం దగ్గరికి లాక్కుంది. "బస్సు వేళయింది. ఎండనపడి వచ్చారు, మంచినీళ్ళు తాగి పోండి."

లింకులు సరైన చోటికి చేర్చడం నా వృత్తి అని జనం నాకు శాలువాలు కప్పుతున్నారు.

మార్టూరు నుంచి తిరిగొచ్చి ఆ రాత్రి పేటలో బంధువుల ఇంట్లో పడుకుని తెల్లవారగానే ఆ మెట్ల దగ్గరికి వెళ్ళాను. విత్తనాల కొట్టు పోయి సెల్‌ఫోన్ల కొట్టు వచ్చింది. పైన మా రేకుల షెడ్డుకి తాళం. టీ కొట్టు మాత్రం ఉంది, అదే మనిషి. అప్పుడే పొయ్యి వెలిగించి పాలు పెట్టాడు. నన్ను గుర్తుపట్టలేదు. పైన ఆఫీసు ఉండేదని చెప్తే గుర్తు రాలేదు. మంచు పారలంటే గుర్తు రాలేదు. ఇదే బల్ల మీద కూర్చుని పగలబడి నవ్విన నిమ్మకాయ కథ కూడా గుర్తు రాలేదు.

"ఒకావిడ ఉండేది, పొద్దున్నే వచ్చి ఆఫీసు తెరిచేది..." అన్నాను.

"ఆఁ!" అన్నాడు వెంటనే. "కంపెనీ సొమ్ము కాజేసినావిడ గదండీ? గుర్తు లేకపోవటమేంది!"

నేను పెట్టిన లింకులన్నీ చచ్చాయి. ఈ మెట్ల దగ్గర పెట్టింది ఒక్కటి మాత్రం నాలుగేళ్ళయినా నొక్కగానే తెరుచుకుంది.

"అది కాదండీ, అసలు జరిగింది..." అని మొదలుపెట్టాను.

ఆయన గ్లాసులు కడుగుతూ తల అడ్డంగా ఊపాడు. "ఇంకా బోణీ కూడా కాలేదు. పొద్దున్నే ఆ దొంగావిడ ఊసెందుకులెండి."

బస్సుకని వచ్చినవాళ్ళు ఇద్దరు బల్ల మీద కూర్చుని ఉన్నారు. సెల్‌ఫోన్ల కొట్టువాడు షట్టరు ఎత్తుతున్నాడు. నేను జేబులోంచి డబ్బు తీసి, వాళ్ళక్కూడా కలిపి నాలుగు టీలు చెప్పి, ఆయన చేతిలో పెట్టాను. ఆయన ఆ నోటుని కళ్ళకద్దుకుని గల్లాపెట్టెలో వేసుకున్నాడు.

"బోణీ అయింది," అన్నాను. "ఇప్పుడు వినండి."